చార్మినార్‌ను మొఘల్ కట్టడం అనవచ్చా? ప్రాంతీయ శైలులను పిల్లలకు ఎలా చూపించాలి?

ప్రశ్న: సాంఘికశాస్త్రం టీచర్, మలక్‌పేట

నమస్కారం. నేను హైదరాబాదులో ఒక ఉన్నత పాఠశాలలో సాంఘికశాస్త్రం బోధిస్తున్నాను. మా తొమ్మిదో తరగతి పిల్లలను త్వరలో చార్మినార్, మక్కా మసీదు, కుతుబ్‌షాహీ సమాధులు చూపించడానికి తీసుకువెళుతున్నాం. నిన్న తరగతిలో ఒక అమ్మాయి లేచి, "టీచర్, తాజ్‌మహల్ కట్టించినవాళ్లే చార్మినార్ కూడా కట్టించారా?" అని అడిగింది. కాదని చెప్పి ఇద్దరు రాజుల పేర్లూ బోర్డు మీద రాశాను. కానీ, "మరి రెండూ ఒకలాగే ఉన్నాయి కదా" అని ఆ అమ్మాయి మళ్లీ అడిగినప్పుడు, ఎక్కడ తేడా ఉందో వేలు పెట్టి చూపించగలిగేంత సమాధానం నా దగ్గర లేకపోయింది.

పాఠ్యపుస్తకాలు కమానూ గుమ్మటమూ ఉన్న ప్రతి కట్టడాన్నీ "ఇండో-ఇస్లామిక్ శైలి" అనే ఒక్క మాట కింద చేర్చేస్తాయి. ఢిల్లీ, బీజాపూరు, గోల్కొండ, అహ్మదాబాదు అన్నీ అందులోనే కలిసిపోతాయి. పిల్లలు కట్టడం ముందు నిలబడి తమ కళ్లతో తాము గుర్తుపట్టగలిగే ఆనవాళ్లు ఏమిటో, ఒక్కొక్క ప్రాంతంలో శైలి ఎందుకు అలా మారిందో తెలిసినవారు వివరించగలరా? పేర్లూ తేదీలూ నేను సమకూర్చుకోగలను. చూడటం ఎలాగో తెలుసుకోవాలని ఉంది.

సమాధానం: కార్వాన్ నివాసి

టీచర్ గారూ, ఆ అమ్మాయి అడిగింది చాలా మంచి ప్రశ్న. ముందుగా కాలం సంగతి చూద్దాం. మహమ్మద్ కులీ కుతుబ్‌షా 1591లో చార్మినార్ కట్టించాడు. తాజ్‌మహల్ పని 1632లో మొదలైంది. గోల్కొండ మొఘలుల వశమైంది 1687లో, అంటే అప్పటికి చార్మినార్ వయసు తొంభై ఆరేళ్లు. కాబట్టి మొఘలులు వచ్చి ఇక్కడివాళ్లకు నిర్మాణం నేర్పారన్న ఊహకు ఆస్కారమే లేదు. దక్కన్ శైలిది వేరే వంశవృక్షం.

ఆ వంశానికి మూలం గుల్బర్గా. పద్నాలుగో శతాబ్దంలో ఢిల్లీ నుంచి విడిపోయి స్వతంత్రులైన బహమనీ సుల్తానులు తొలి రోజుల్లో తుగ్లక్ పద్ధతిలోనే కట్టారు. మందమైన గోడలు, పైకి వెళ్లేకొద్దీ లోపలికి వాలే అంచులు, పొదుపైన అలంకారం. తుగ్లక్ పద్ధతి వాలుగోడ ఎలా ఉంటుందో చూడటానికి మనం ఢిల్లీ దాకా వెళ్లనక్కరలేదు, వరంగల్ కోటలో ఖుష్ మహల్ ముందు నిలబడితే చాలు. కానీ 1367 నాటికే గుల్బర్గా కోట లోపలి జామా మసీదులో ఢిల్లీలో కనిపించని ఆలోచన ఒకటి వచ్చింది. మామూలుగా జామా మసీదు నడుమ విశాలమైన ఆరుబయట ఉంటుంది, ఇక్కడ మాత్రం మొత్తం స్థలాన్ని గుమ్మటాలతో కప్పేశారు. తరువాత రాజధాని బీదరుకు మారింది, ఇరాన్ నుంచి పండితులూ పనివాళ్లూ వర్తకులూ వచ్చారు. 1472 నాటి మహమూద్ గవాన్ మదరసా మీద మిగిలిన రంగు పలకలను చూస్తే ఇరాన్ ఎంత దగ్గరికి వచ్చిందో అర్థమవుతుంది. ఆ బహమనీ కొలువులోనే పెద్దవాడైన సుల్తాన్ కులీ, ఇరాన్‌లోని హమదాన్ ప్రాంతం వాడు, గోల్కొండలో కుతుబ్‌షాహీ వంశానికి మూలపురుషుడయ్యాడు. బీజాపూరు ఆదిల్‌షాహీలు కూడా అదే బహమనీ రాజ్యం ముక్కలైనప్పుడు పుట్టినవారే కాబట్టి, గోల్కొండకూ బీజాపూరుకూ ఉన్నది దాయాదుల పోలిక.

ఇక పిల్లలకు చూపవలసిన ఆనవాళ్లు. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ముందుగా గుమ్మటం మెడ చూపించండి. గుమ్మటం గోడ మీద నుంచి సూటిగా పైకి లేవదు. మొదట తామర రేకులు విచ్చుకున్నట్టు ఒక వరుస ఉంటుంది, ఆ రేకుల మధ్య నుంచి గుమ్మటం కొంచెం ఉబ్బి, మళ్లీ లోపలికి తిరిగి కొస దేరుతుంది. ఢిల్లీలో హుమాయూన్ సమాధి గుమ్మటం పాలరాతి నునుపుతో, ఎత్తైన మెడ మీద నిలబడి ఉంటుంది కానీ దాని మొదట్లో ఇటువంటి రేకుల దొప్ప ఉండదు. తరువాత మినార్లు చూపించండి. మన దగ్గర మినారు చుట్టూ గ్యాలరీలు వలయాలుగా ఒకదాని మీద ఒకటి వస్తాయి, చివర చిన్న గుమ్మటం ఉంటుంది, అడుగున మళ్లీ రేకులే. చార్మినార్‌లో మినార్లు నాలుగూ కట్టడంలోనే కలిసిపోయి నాలుగు మూలలనూ పట్టుకుని పైకి లేచాయి. తాజ్‌మహల్‌లోనో, అవి అసలు కట్టడానికి దూరంగా, అరుగు నాలుగు మూలల్లో విడివిడిగా నిలబడతాయి. ఈ ఒక్క తేడాను తొమ్మిదో తరగతి పిల్లలు ఫొటోలు పక్కపక్కన పెట్టి తామే కనుక్కోగలరు.

అన్నింటికన్నా ముఖ్యమైనది రాయి. మొఘలులకు ఎర్ర ఇసుకరాయి, మక్రానా పాలరాయి దొరికాయి. అవి ఉలికి లొంగుతాయి, అందుకే వాళ్ల అలంకారం ఎక్కువగా రాతిలోనే ఉంది. మన దగ్గర దొరికేది నల్లసేనపు రాయి, అంటే గ్రానైటు. దాన్ని పగలగొట్టి గోడ పేర్చవచ్చు గానీ తీగలూ పువ్వులూ అంత సన్నగా చెక్కడం మహా కష్టం. అందుచేత గోల్కొండ పనివాళ్లు గోడను గ్రానైటుతో కట్టి, అందాన్ని సున్నపు గచ్చుతో పైన పోశారు. మా కార్వాన్‌లోని టోలీ మసీదు, 1671 నాటిది, ఈ గచ్చు పనికి పరాకాష్ఠ అని నా నమ్మకం. గోల్కొండ నుంచి పురానాపూల్‌కు వెళ్లే పాత దారిలో ఉంది. దాని ముఖభాగం మీద ఐదు కమాన్ల మధ్య జాగాల్లో ఉన్న పతకాలను, మినార్ల మీది జాలీ పనిని దగ్గరగా చూస్తే, సున్నం పచ్చిగా ఉండగానే చేతివేళ్లూ చిన్న తాపీలూ ఎంత వేగంగా కదిలి ఉంటాయో ఊహకు అందుతుంది. మీ యాత్రలో దీనికి చోటు లేదు కానీ, వీలైతే ఒక్క అరగంట కేటాయించండి.

సమాధానం: ఇబ్రహీంపట్నం పాఠకుడు

పై సమాధానంలో చాలా విలువైన సంగతులున్నాయి. అయినా ఒకచోట నా అభిప్రాయం వేరు. దక్కన్ శైలిలో ఇరాన్ వాటాను బీదరుతో ముగించినట్టు రాశారు. హైదరాబాదు నగరం ఊహలోనే ఇరాన్ ఉంది. మహమ్మద్ కులీ దగ్గర పేష్వాగా, అంటే ప్రధానమంత్రిగా ఉండి నగర నిర్మాణంలో ప్రధాన పాత్ర వహించిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ ఇరాన్ నుంచి వచ్చినవాడే. చార్మినార్‌కు ఉత్తరాన నాలుగు కమాన్లు, వాటి నడుమ గుల్జార్ హౌజ్ అనే నీటి తొట్టి, ఆ కూడలి నుంచి నాలుగు దిక్కులకూ వీధులు: ఈ ఏర్పాటులో ఇరాన్ నగరాల జ్ఞాపకం కనిపిస్తుంది.

ఇంకా స్పష్టంగా కావాలంటే పత్తర్‌గట్టి దగ్గరి బాద్‌షాహీ ఆషూర్‌ఖానాకు వెళ్లాలి. మహమ్మద్ కులీ కాలంలోనే, చార్మినార్ తరువాత కొద్ది ఏళ్లకు కట్టిన ఈ సంతాపమందిరం లోపలి గోడల మీద రంగుపలకలను ముక్కలు ముక్కలుగా కోసి, అతికి, ఆలంల, అంటే పీర్ల, ఆకారాలు తీర్చారు. మన పల్లెల్లో పీర్ల చావిడిలో నిలిపే పీరు ఏ రూపంలో ఉంటుందో పిల్లలకు తెలుసు కనుక, గోడ మీది ఆ రూపాన్ని వాళ్లు చూడగానే పోల్చుకుంటారు. అదే తరంలో, 1611లో, ఇస్ఫహాన్‌లో షా మసీదు మొదలైంది. అక్కడ నీలం రాజ్యమేలుతుంది. ఇక్కడ నీలం పక్కనే ఆవపిండి పసుపూ గోధుమ ఛాయలూ ధైర్యంగా వచ్చి కూర్చున్నాయి. పద్ధతి ఇరాన్‌ది, కన్ను దక్కన్‌ది. 1908 మూసీ వరదలో కింది భాగం పలకలు దెబ్బతిని పోతే తరువాత ఆ మేరకు రంగులతో గీసి నింపారు. పైభాగాన్నీ కింది భాగాన్నీ పోల్చి చూడమని పిల్లలకు చెబితే నిగనిగలాడే పలకకూ రంగు పూతకూ తేడా ఇట్టే పట్టేస్తారు.

ఇక్కడి దేశీ వాటాను కూడా మరవకూడదు. గోల్కొండలో బాలా హిస్సార్ దర్వాజా మీద గచ్చుతో తీర్చిన సింహాలూ, సింహాన్ని పోలిన కల్పిత మృగాలైన యాళులూ ఉన్నాయి. ప్రాణుల బొమ్మలు ఇస్లామిక్ కట్టడాల మీద ఉండనే ఉండవని అనుకునే పిల్లలకు ఆ ద్వారమే జవాబు. మసీదు లోపల ఆ నియమాన్ని పాటించిన పాలకులే కోట ద్వారం మీద ఈ నేల మీది శిల్పుల అలవాటుకు చోటిచ్చారు.

మీరు మిగిలిన ప్రాంతాల గురించి కూడా అడిగారు కాబట్టి రెండు మాటలు. శైలిని మతం ఒక్కటే నిర్ణయించదని చెప్పడానికి కేరళ, కాశ్మీరు, బెంగాలు మంచి ఉదాహరణలు. కోళికోడ్‌లోని మిష్కాల్ మసీదుకు గుమ్మటమూ లేదు, మినారూ లేదు. అంతస్తులంతస్తులుగా చెక్క, దాని మీద పెంకుల కప్పు. అక్కడి వాన అలాంటిది, అక్కడి వడ్రంగులకు వచ్చిన విద్యా అదే. శ్రీనగర్ జామియా మసీదును 370కి పైగా దేవదారు స్తంభాలు మోస్తున్నాయి. బెంగాల్లో ఒండ్రునేల తప్ప రాయి అరుదు కనుక ఇటుకతో కట్టి, కాల్చిన మట్టి పలకలతో అలంకరించారు. వాన నీరు జారడానికి వెదురు గుడిసె కప్పు వంగినట్టే మసీదు పైఅంచు కూడా విల్లులా వంగుతుంది. అహ్మదాబాదులో ఇసుకరాయి మెత్తన, ఆలయాలు చెక్కిన చేతులు అక్కడే ఉన్నాయి. అందుకే 1573 నాటి సిదీ సయ్యద్ మసీదు కిటికీలో రాయి కొమ్మలూ రెమ్మలూ వేసింది. ఇస్తాంబుల్‌కు వెళితే ఒట్టోమన్ వాస్తుశిల్పి సినాన్ కట్టిన సులేమానియా మసీదులో ఒక మహా గుమ్మటం చుట్టూ అర్ధ గుమ్మటాలు భారం పంచుకుంటాయి, మినార్లు పెన్సిల్ మొనల్లా ఉంటాయి. మొరాకోలో మినారు చదరపు బురుజు. ఇవన్నీ పిల్లలకు చెప్పనక్కరలేదు. కానీ చార్మినార్ ఈ పెద్ద కుటుంబంలో ఎక్కడుందో మీకు తెలిసి ఉంటే, వాళ్ల ప్రశ్నలకు తడుముకోనక్కరలేదు.

సమాధానం: కర్నూలు నుంచి

బీజాపూరు శాఖ గురించి కొంచెం చేరుస్తాను. మా ఊళ్లో బీజాపూరు సుల్తానుల తరఫున పాలించిన అబ్దుల్ వహాబ్ ఖాన్ సమాధి ఉంది. దాన్ని మేం గోల్ గుమ్మజ్ అనే పిలుస్తాం. తెలుగునేల మీద దక్కన్ శైలి అంటే గోల్కొండ ఒక్కటే కాదని దాన్ని చూసినప్పుడల్లా అనిపిస్తుంది.

బీజాపూరులోని అసలు గోల్ గుంబజ్‌లో, అంటే 1656లో మరణించిన మహమ్మద్ ఆదిల్‌షా సమాధిలో, చూడవలసింది ప్రతిధ్వనితో పాటు ఇంకొకటి ఉంది. చదరపు గది మీద గుండ్రని గుమ్మటం నిలబెట్టడం ఎలా అన్నది ఈ వాస్తువిద్య అంతటికీ మూలమైన చిక్కు. సాధారణంగా నాలుగు మూలలకూ అడ్డంగా చిన్న కమాన్లు వేసి చదరాన్ని ఎనిమిది పలకలుగా మార్చి, దాని మీద గుండ్రాన్ని కూర్చోబెడతారు. బీజాపూరు పనివాళ్లు ఎనిమిది పెద్ద కమాన్లను ఒకదాన్నొకటి ఖండించుకునేలా అల్లారు. వాటి సందుల్లోని వంపులు ముందుకు వాలి, గుమ్మటం బయటికి తోసే బరువును లోపలికి లాగి పట్టుకుంటాయి. నడుమ ఒక్క స్తంభం లేకుండా, బయటి కొలత ప్రకారం సుమారు 44 మీటర్ల అడ్డుకొలత గల గుమ్మటం అలా నిలిచింది. హైదరాబాదులో మీ పిల్లలకు ఏ సమాధిలోనైనా మూలకు వెళ్లి తల పైకెత్తి చూడమనండి. చదరం ఎక్కడ ఎనిమిది పలకలైందో, అది ఎక్కడ గుండ్రమైందో వాళ్లే లెక్కపెడతారు. లెక్కల మాస్టారిని కూడా వెంట తీసుకువెళ్లడం మంచిది.

సమాధానం: సున్నం పని

నేను పాత కట్టడాల మరమ్మతు పనిలో ఉన్నాను. కార్వాన్ నివాసి గారు గచ్చు గురించి రాసింది చదివి సంతోషం కలిగింది. ఎందుకంటే సందర్శకులు ఆకారాన్ని చూస్తారు గానీ, ఆ ఆకారం ఏ పదార్థంతో నిలిచిందో అడిగేవారు తక్కువ.

కాల్చిన సున్నపురాయిని ముందు నీళ్లలో చల్లార్చి, రోజుల తరబడి గుంటలో నానబెట్టాలి. తరువాత ఇసుకతో కలిపి గానుగలో వేసి, వేలితో నలిపితే వెన్నలా జారే దాకా రుబ్బాలి. అందులో బెల్లం నీళ్లు, కరక్కాయ నానిన నీళ్లు, మారేడు గుజ్జు, మినుముల పిండి, బంక వంటివి పని స్వభావాన్ని బట్టి కలుపుతారు. వీటిలో కొన్ని పట్టు పెంచుతాయి, కొన్ని తొందరగా ఆరి బీటలు వారకుండా కాపాడతాయి. గోడ మీద పొర తరువాత పొర వేస్తూ, ప్రతి పొరనూ తడిపి, కొట్టి, ఒత్తి, చివరి సన్నపు పొరను నునుపురాయితో మెరుగు పెడితే అది చలువరాతిని తలపిస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం ఏళ్ల మీద మెల్లగా మళ్లీ సున్నపురాయిగా మారుతుంది. టోలీ మసీదు మీది పువ్వు ఇంతకాలం నిలవడానికి కారణం అదే.

సిమెంటుతో చిక్కు ఇక్కడే వస్తుంది. పాత గోడ నేలలోని చెమ్మను పైకి పీలుస్తుంది, సున్నపు పూత ఆ చెమ్మను బయటికి వదిలేస్తుంది. దాని మీద సిమెంటు పూస్తే చెమ్మకు దారి మూసుకుపోతుంది, ఉప్పు లోపలే పేరుకుంటుంది, కొన్నాళ్లకు సిమెంటు పెచ్చు తనతో పాటు పాత గచ్చును కూడా ఊడదీసుకుని కింద పడుతుంది. కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర ఆగా ఖాన్ ట్రస్టు పరిరక్షణ పని చేపట్టినప్పుడు, అంతకు ముందు పూసిన సిమెంటును ఓపికగా తొలగించి, మళ్లీ సున్నంతోనే పూత వేయించింది. మీ పిల్లలు అక్కడ తెల్లగా, కొత్తగా ఉన్న గుమ్మటాన్నీ, నల్లబడిన పాత పూతనూ పక్కపక్కనే చూసి, పాతదే అందంగా ఉందని అనవచ్చు. కట్టిన నాడు అవి తెల్లగానే ఉన్నాయనీ, కొన్నింటి మీద రంగు పలకలు కూడా ఉండేవనీ చెప్పండి. ఆ పలకల ఆనవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి.

మళ్లీ: సాంఘికశాస్త్రం టీచర్, మలక్‌పేట

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు. రెండు సందేహాలు మిగిలాయి. మక్కా మసీదును ఏ శైలిలో చేర్చాలి? అలాగే హైకోర్టు, ఉస్మానియా ఆర్ట్స్ కళాశాల, బేగంపేటలోని స్పానిష్ మసీదు వంటి నిజాం కాలపు కట్టడాలను ఇందులో కలపవచ్చా?

సమాధానం: కార్వాన్ నివాసి

మక్కా మసీదు, మహమ్మద్ కులీ తరువాత వచ్చిన మహమ్మద్ కుతుబ్‌షా కాలంలో మొదలై, ఔరంగజేబు కాలంలో 1694లో పూర్తయింది. ఊహ కుతుబ్‌షాహీలది, ముగింపు మొఘలులది. మినార్లు ఆ విశాలమైన హాలుకు తగినంత ఎత్తుకు ఎదగకుండా ఆగిపోయినట్టు కనిపించడానికి ఇదే కారణమని నేను అనుకుంటాను. టోలీ మసీదు చూసి ఇక్కడికి వస్తే, గచ్చు అలంకారం దాదాపు లేకుండా గ్రానైటు తన బరువుతోనే మాట్లాడుతున్నట్టు ఉంటుంది. మిహ్రాబు (మక్కా దిక్కును చూపే గోడ గూడు) కోసం తెచ్చిన రాతిని గని నుంచి తీయడానికే ఐదు, ఆరు వందల మంది ఐదేళ్లు పనిచేశారనీ, దాన్ని లాగడానికి 1,400 ఎద్దులను కట్టారనీ ఆ శతాబ్దంలో గోల్కొండకు వచ్చిన ఫ్రెంచి వజ్రాల వర్తకుడు తావెర్నియే రాశాడు. పిల్లలకు ఈ సంగతి తప్పక చెప్పండి. నల్లసేనపు రాయితో పని అంటే ఏమిటో దానితో తెలుస్తుంది.

నిజాం కాలపు కట్టడాలను వేరే అధ్యాయంగా చెప్పడం న్యాయం. అక్కడ శైలి సంప్రదాయంగా చేతి నుంచి చేతికి రాలేదు, వాస్తుశిల్పి ఎంచుకుంటే వచ్చింది. హైకోర్టును రూపొందించిన విన్సెంట్ ఎష్ ఆంగ్లేయుడు, ఆర్ట్స్ కళాశాలను రూపొందించిన జాస్పర్ బెల్జియం వాడు. వాళ్లు పాత రూపాలను శ్రద్ధగా చదివి కొత్త అవసరాలకు వాడారు. 'పైగా' అనే హైదరాబాదు ప్రభు కుటుంబానికి చెందిన వికారుల్ ఉమ్రా స్పెయిన్‌లోని కార్డోబా మసీదు చూసి ముగ్ధుడై బేగంపేటలో మసీదు కట్టించాడు. దాని కొసదేరిన శిఖరాలు ఇక్కడి మరే మసీదుకూ లేవు. నేను వీటిని తక్కువ చేయడం లేదు. ఆర్ట్స్ కళాశాల ముందు నిలబడితే ఎవరికైనా గుండె నిండుతుంది. కానీ పిల్లలకు మొదటిరోజే అన్నీ చూపిస్తే, గచ్చు ఏదో రాయి ఏదో కలగలిసిపోతుంది.

సమాధానం: సున్నం పని

టీచర్ గారికి ఒక చిన్న సూచన. ఎక్కడా గోడలను చేత్తో గీకవద్దని, గచ్చు పువ్వులను ముట్టుకోవద్దని పిల్లలకు ముందే చెప్పండి. 2019లో చార్మినార్ మినారు నుంచి గచ్చు పెచ్చు ఒకటి ఊడి కింద పడిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. ముట్టుకుని చూడాలన్న వాళ్ల కోరిక కూడా న్యాయమైనదే కాబట్టి, నా దగ్గర ఉన్న రుబ్బిన సున్నం కొద్దిగా, ఒక చిన్న పలకా మీ బడికి పంపిస్తాను. తామర రేకు ఒకటి వాళ్ల చేత వేయించండి. సున్నం కళ్లలో పడకుండా, చేతులకు తొడుగులు వేయించడం మాత్రం మరవకండి.